అక్క బ్లాకు, బావ ఐసు పెట్టె

కొల్లేరు వెళ్లేవాళ్లు పక్షులు ఎప్పుడొస్తాయని అడుగుతారు. నేను వెళ్లింది అక్క సంతకం కోసం. అక్కకి మెడ గ్రంథిలో, కాలేయంలో క్యాన్సర్ కనబడింది. అది మొదట ఏ అవయవంలో పుట్టిందో ఎన్ని స్కానులు తీసినా తేలలేదు. అది తేలకుండా సరైన మందు ఎంచుకోవడం కష్టమని, బయాప్సీ ముక్కకి జన్యుపరీక్ష చేయిస్తే తెలియవచ్చని, తెలియకపోనూ వచ్చని డాక్టరుగారు చెప్పారు.

తాడేపల్లిగూడెంలో ఆరున్నరకి బస్సెక్కాను. గుండుగొలను దాటేదాకా కునికిపాట్లే. వారంలో ఇది రెండోసారి. మొదటిసారి బయాప్సీ పొర అంటించిన గాజు స్లైడ్లు మాత్రమే పట్టుకెళ్లి, జన్యుపరీక్షకి ముక్కలు తీసుకునే ఏలూరు శాంపిల్ సెంటరులో చీవాట్లు తిన్నాను. ఎనిమిదింటికి ఏలూరు చేరినా, బయాప్సీ చేసిన ఆసుపత్రిలో ల్యాబు పదింటికి గానీ తెరవలేదు. అగ్గిపెట్టెంత కూడా లేని మైనపు బిళ్ల చేతిలో పెట్టారు. దాన్నే బ్లాకు అంటారు. అక్క ఒంటి ముక్క అందులోనే ఉంది. జేబులో పెట్టుకోవాలన్నా భయమే, సంచిలో పెట్టాలన్నా భయమే.

అక్కడినుంచి కొల్లేట్లో అక్క వాళ్ల ఊరికి షేర్ ఆటోలో యాభై రూపాయలు, చేపల చెరువుల గట్ల వెంట గంట ప్రయాణం. "చెరువు లీజుకండీ?" అన్నాడు డ్రైవరు. జవాబు చెప్పే ఓపిక లేక తలూపాను. చేపల వ్యాపారం చేసే బావ అప్పటికే థర్మోకోల్ పెట్టెలో ఐసు నింపి కూర్చున్నాడు.

"ఈ ఎండకి పాడైపోద్ది. కలకత్తా పంపే చేపకే ఇంత చేత్తాం. ఇది మీ అక్కది."

"నన్నూ లోడెత్తేత్తారేంటండీ," అంటూ అక్క పరీక్షకి ఒప్పుకునే ఫారం మీద సంతకం పెట్టింది. "ఊరూ పేరూ చెప్పని చుట్టం వచ్చి మంచమెక్కాడురా తమ్ముడూ. ఏ ఊరోడో తెలిత్తే ఆ ఊరి బస్సెక్కించేద్దాం." నాకు ఏడుపొచ్చింది.

ఏలూరులో నాలుగింటికి మూసే శాంపిల్ సెంటరుకి బావా నేనూ మోటారుసైకిల్ మీద మూడున్నరకి చేరాం. నీళ్లోడుతున్న పెట్టెని చూసి అక్కడి అమ్మాయి, "ఐసు అక్కర్లేదండీ, ఎండ తగలకుండా ఉంటే చాలు," అంది. బావ ఐసు బయట పారబోసొచ్చి, ఖాళీ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు: "అయితే మేం చెయ్యాల్సింది ఇంకేం లేదాండీ?"

ఏమీ లేదు. ఇన్ని మైళ్లు తిరిగాక మిగిలేది ఎదురుచూపే. మీలో ఎవరికైనా ఈ దారి తప్పకపోతే, స్లైడ్లతో పాటు బ్లాకు కూడా కావాలని ల్యాబుకి ముందే ఫోన్ చేసి చెప్పండి. బయాప్సీ నంబరు, రోగి ఆధార్ కాపీ దగ్గర ఉంచుకోండి. మొదటిసారే ఆ పని చేసుంటే నాకు ఒక రోజు మిగిలేది.

రిపోర్టుకి ఇంకా రెండు వారాలుంది. బావ రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, "ఏ ఊరో తెలిసిందా?" అంటాడు. ఆ పెట్టెలో మాత్రం బావ మళ్లీ ఎవర్నీ చేపలు వెయ్యనివ్వడం లేదని అక్క చెప్పింది.