వరుసలో చివరి మనిషి

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను పుస్తకం తెరిచి కూర్చునే రకం. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది నాపరాళ్ల తాండూరు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు, సీతాఫలాల కాలంలో వికారాబాద్‌లోని మేనత్త ఇంటికి వెళ్లాను. అత్తమ్మ, వాడకట్టు ఆడవాళ్లు పొద్దున్నే అనంతగిరి గుట్టల్లోకి పోయి కాయలు కోసి, గంపలకెత్తి హైదరాబాదు రైలుకు పంపేవారు. ఆ కాయల కోసమే ఎలుగుబంట్లూ వస్తాయి.

ఎలుగు మనిషిని వెతుక్కుంటూ రాదు. చప్పుడు లేకుండా మనమే దగ్గరికి వెళితే ఉలిక్కిపడి ముఖం మీద పడుతుంది. అందుకని వాళ్లకొక కట్టుబాటుంది. అడవిలో దాని పేరెత్తరు. ఒకరి వెనక ఒకరు నడుస్తారు. ముందున్న మనిషి కర్రతో బండను కొట్టి కేకేస్తే, అందరికంటే వెనకున్న మనిషి గట్టిగా పలకాలి. అంతకుముందు ఏడు చివరి మనిషి పలకని రోజే, ఆ ఆడవాళ్లలో ఒకరైన మల్లమ్మ చెంప ఎలుగు గోళ్లకు చీలిపోయింది. ఆమె ఇప్పటికీ కొంగు ఆ వైపుకు లాక్కునే నడుస్తుంది.

ఆ రోజు అందరికంటే ముందు అత్తమ్మ. మల్లమ్మ వెనక, అందరికంటే చివర, నేను.

"పలుకుతవా పిల్లా? మీ నాయిన నీ నోటికి నాపరాయి పరిచి పంపిండా ఏంది?" అంది అత్తమ్మ. అందరూ నవ్వారు. నేను తలూపాను. నలుగురిలో నా గొంతు పెగలదు.

ఎండ ఇంకా పొదల్లోకి దిగలేదు. మొదటి మలుపులో కర్ర చప్పుడైంది.

"ఎనకున్నోళ్లు పలుకుర్రీ!"

నేను నోరు తెరిచేలోపే నా వెనక నుంచి "వస్తున్న..." అని వినిపించింది. ఆడగొంతు. కట్టెలకు వచ్చిన మనిషెవరో కలిసిందనుకున్నాను. ప్రాణం కుదుటపడింది. తర్వాత అత్తమ్మ పిలిచిన ప్రతిసారీ ఆ గొంతే పలికింది. నేను తిరిగి చూడలేదు. చూస్తే మాట్లాడాల్సి వస్తుంది.

బండల మధ్య బాట ఇరుకయ్యే చోట నా చెప్పు తెగింది. వంగి లేచేసరికి మల్లమ్మ మలుపు దాటిపోయింది. మళ్లీ కర్ర చప్పుడు, పిలుపు. ఈసారి ఎవరూ పలకలేదు.

వెనక్కి తిరిగాను. బాట ఖాళీ.

ముందుకు తిరిగేసరికి పక్కనున్న చెదల పుట్ట వెనక నల్లటి జూలు పైకి లేచింది. మూతి నిండా ఎర్రమట్టి. ఊపిరి ఈలలా వినిపిస్తోంది. ఉరకొద్దు, వీపు చూపొద్దు, మెల్లగా వెనక్కి జరగాలి అని అత్తమ్మ ముందే చెప్పింది. కాళ్లు కదిలితే కదా. అది వెనక కాళ్ల మీద నిలబడింది.

"పిల్లా! పలుకు!" అత్తమ్మ కేకలో భయం.

బాటకు దిగువన, లోయలోంచి, చాలా గట్టిగా వచ్చింది: "వస్తున్న...!"

ఎలుగు అటు తల తిప్పింది. ముందరి కాళ్లు నేలకు దించి, ఆ గొంతుకు దూరంగా, పై పొదల్లోకి దూరిపోయింది.

ఎలా నడిచి వాళ్లను చేరుకున్నానో తెలియదు. అత్తమ్మ నా భుజాలు పట్టుకుంది.

"ఇంత గొంతు పెట్టుకొని ఇన్నొద్దులు దాసుకున్నవా బిడ్డా! గా ఒక్కపారి పలకకపోయేసరికి నా పానం పోయింది."

"నేను పలకలే అత్తమ్మా. నా ఎనక ఒకామె..."

మల్లమ్మ నన్నే చూస్తోంది. కొంగు జారిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు. "నీ ముంగట్నే నడిచిన గద పిల్లా. నీ గొంతే."

దిగేటప్పుడు అదే బాటన వచ్చాం. ఎవరూ ఎదురుకాలేదు. తడి మట్టిలో మేము ఎక్కిన అడుగులు అలాగే ఉన్నాయి. అన్నిటి మీదా చివరగా పడ్డవి నావే.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పటినుంచి ప్రతి ఏడూ కాయల కాలానికి వెళ్తే చివర నన్నే నిలబెడుతున్నారు. గట్టిగానే పలుకుతాను. కాకపోతే పిలుపు వినగానే ఒక్క క్షణం ఆగుతాను, నాకంటే ముందు ఎవరైనా పలుకుతారేమోనని.