కుంకుడు గింజలు

అమీర్‌పేటలో మేం అద్దెకున్న ఇంటి ముందు విరగకాసే కుంకుడు చెట్టుండేది. సాఫ్ట్‌వేర్ కోచింగుల జోరులో ఓనరు కింది వాటాను ఒక ఇన్‌స్టిట్యూట్‌కిచ్చి, "గీ చెట్టుతోని వాళ్ల బోర్డు కనిపిస్తలేదు" అంటూ దాన్ని మొదలంటా నరికించాడు. నీడ విలువ తెలియనివాడికి నురగ విలువ తెలుస్తుందా? ఆఖరి కాపు కాయల్ని నేనే ఏరి, ఎండబెట్టి దాచుకున్నాను.

ఏడాది తిరక్కుండానే, రంగురంగుల షాంపూలతో సగం జుట్టు ఊడగొట్టుకున్న ఆ మహానుభావుడు మా గుమ్మంలో నిలబడ్డాడు.

"జర కుంకుడుకాయలుంటే ఇయ్యమ్మా, షాంపూ పడ్తలేదు."

అప్పుడే తలంటుకని కాయలు కొడుతున్నాను. తొక్కలు నా గిన్నెలోనే ఉంచుకుని, నల్లటి గింజలు ఆయన దోసిట్లో పోశాను.

"నాటుకోండి ఓనరుగారూ, పదేళ్లలో కాస్తుంది. అందాకా ఆ బోర్డు నెత్తికి రుద్దుకోండి."