లింప్‌కీ ఫ్లాసిడ్‌కీ తేడా

ఆ రోజు మా ఆయన లోకో షెడ్ డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను బట్టలు సర్దుకుని అమ్మ దగ్గరికి బయలుదేరుతున్నాను. ముందు రోజు తిన్న దెబ్బలకి పెదవి ఇంకా వాచే ఉంది. అతను బ్యాగు లాక్కుని వాకిట్లోకి విసిరేసి, తలుపు గడియ పెట్టి, నా ఎడమ చెయ్యి పట్టుకుని ఈడ్చాడు. నేను కుడిచేత్తో వంటింటి కిటికీ చువ్వ పట్టుకున్నాను.

"ఒగ్గీ. నేకపోతే చెయ్యి పీకేస్తాను," అన్నాడు, మెల్లగానే.

వదల్లేదు. గోడకి కాలు తన్నిపెట్టి లాగాడు. భుజంలో ఏదో పుటుక్కుమంది. మెడ నుంచి వేళ్ల దాకా మంట పాకింది. కింద పడ్డాక అదే భుజాన్ని బూటుకాలితో తొక్కాడు. పక్క క్వార్టర్ వాళ్లు తలుపు విరగ్గొట్టి అతన్ని పట్టుకునేసరికి నా చెయ్యి నా మాట వినడం మానేసింది.

కేసు మేముండే హిందీ ఊరి కోర్టుకి వెళ్లింది. అతని వకీలు నా చెయ్యి పరీక్షించిన డాక్టరమ్మని హిందీలో నిలదీశాడు. మొదట చెయ్యి లింప్‌గా ఉందన్నారు, తర్వాత ఫ్లాసిడ్ అన్నారు, ఏది నిజమన్నాడు. లింప్‌గా అయితే ఎవరైనా నాటకానికి పెట్టుకోవచ్చు కదా అన్నాడు. నేను స్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. ఆ రెండింటికీ పిల్లల చేత ఒకే అర్థం రాయించేదాన్ని.

డాక్టరమ్మ తొందరపడలేదు. పైకి వేలాడుతూ కనిపించేది లింప్ అంది. నిద్రపోయేవాళ్ల చెయ్యీ అలాగే ఉంటుందంది. పరీక్షించాక తేలేది ఫ్లాసిడ్. నరం దెబ్బతిని కండలో బిగువే లేకపోవడం. చిన్న సుత్తితో తడితే మామూలు చెయ్యి వద్దన్నా ఉలుకుతుందని, ఈమెది ఉలకలేదని చెప్పింది.

"ఏటంతందే ఆవిడ?" అమ్మ నా చెవిలో అడిగింది.

"నేను వేలాడేసుకున్న చెయ్యి కాదంట. వేలాడిపోయిన చెయ్యంట."

వరండాలో పోలీసులు అతన్ని తీసుకెళ్తుంటే అమ్మ ఎదురెళ్లి, చెప్పు తీసి మొహం మీద కొట్టింది. ముక్కు నుంచి రక్తం కారింది. రెండోసారి ఎత్తేలోపు కానిస్టేబులమ్మ పట్టుకుంది. అతను బూతులు తిడుతూ నా మీదికి వచ్చాడు. నేను జరగలేదు.

అతనికి శిక్ష పడింది. ఆపరేషన్ తర్వాత నా ఎడమ మోచెయ్యి వంగుతోంది, వేళ్లు మాత్రం పూర్తిగా ముడుచుకోవు, పుస్తకం పట్టుకోలేవు. బోర్డు మీద రాయాలంటే పుస్తకం బల్ల మీద పెట్టాలి. క్లాసు ఆగుతుంది. ఆగనిస్తాను.