ఒక్క పూట ఆర్థిక మంత్రి

పాలమూరు డిగ్రీ కాలేజీల విద్యార్థుల పార్లమెంటు పెట్టినప్పుడు ఎకనామిక్స్ సార్ నన్ను ఆర్థిక మంత్రిని చేసిండు. మక్తల్ దిక్కు గొర్లు కాసే ఇంట్ల పుట్టినదాన్ని. మంత్రి అంటే దేశంల అన్నీ తన మాట మీదనే నడుస్తయనుకున్న. అప్పుడు మంచినూనె, పప్పుల ధరలు మండుతుండె. ధరలు దించుత, వడ్డీ తగ్గిస్త అని ప్రసంగం రాసిన.

నోట్లు అచ్చేసే పెద్ద బ్యాంకు గవర్నరు మా హాస్టల్ దోస్తు. అసలు సభల గవర్నరుకు చోటే ఉండది గని, మాకు తెలవాలని సార్ కుర్చీ ఏయించిండు. ఆ దోస్తు నా ప్రసంగం చదివి నవ్వింది.

“వడ్డీ నువ్వెట్ల తగ్గిస్తవే? గది మా బ్యాంకు కమిటీ పని.”

“మరి నేనెందుకు మంత్రినైన?”

సార్‌ను అడిగితే విడమరిచి చెప్పిండు. ధరలు ఎంతవరకు పెరగొచ్చో బ్యాంకుతోని మాట్లాడి ప్రభుత్వమే గీత గీస్తదట. కమిటీల సగం మందిని కూడ తనే పెడతదట. ఆ గీత దాటకుండ వడ్డీ పెంచుడు, దించుడు మాత్రం కమిటీ ఇష్టం.

“గట్లయితే మంత్రి ఊకె కూసోవాల్నా సార్?”

“పన్నులు, ఖర్చులు నీ చేతిలయే గదమ్మా. ఆలోచించు.”

ఇగ కుదురు లేదు. అన్నం ముందల కూసున్నా అదే రంధి. రాసుడు, చింపుడు, వరండల అటు ఇటు తిరుగుడు.

సభ నాడు గొర్ల మందుల కోసం పాలమూరొచ్చిన బాపు, భుజం మీద గొంగడితోని ఎనుక వరుసల కూసున్నడు. ప్రతిపక్ష నాయకుడు లేచిండు.

“మంత్రిగారూ, వడ్డీ తగ్గిస్తరా, తగ్గియ్యరా?”

‘పరిశీలనలో ఉంది’ అనమని నేర్పిండ్రు. నోటిదాక వచ్చింది గని అనబుద్ధి కాలే.

“అది నా చేతిల లేదు. బయటి నుంచి వచ్చే నూనె మీద సుంకం తగ్గిస్త. ఖజానకు పడే లోటుకు ఖర్చు తగ్గించుకుంట.”

“ఏ ఖర్చు?”

చేతిల కాయితాలు తిరగేసి కూసున్న. సభంత నవ్వింది. మంచిగ వాదించినోళ్లకిచ్చే బహుమతి ప్రతిపక్షానికే పోయింది.

బయటికొచ్చినంక బాపు అడిగిండు. “ఎందుకు ఊకున్నవ్ బిడ్డా?”

“దేనికి కోత పెడితే ఎవరి కంచం ఖాళీ అయితదో తెల్వలే బాపూ.”

“తెల్వనిది తెల్వదనుడే నయం,” అని బస్సెక్కిండు.

మరునాడు సార్ దగ్గరికి పోయి, ఎంఏల కూడ ఇదే చదువుతనని చెప్పిన.

“నిజంగనే మంత్రివైతవా?”

“కాదు సార్. ‘ఏ ఖర్చు’ అన్నదానికి జవాబు దొరకక పానం నిమ్మలంగ లేదు.”

చదివిన. ఇప్పుడు నల్లగొండల అదే పాఠం చెప్తున్న. పానం మాత్రం ఇంక నిమ్మలం కాలే.