కంచరపాలెం నుంచి ఒక తల్లి

ఆ రోజుల్లో పత్రికకు ఉత్తరాలు రావడం తగ్గిపోయింది గానీ ఉత్తరాల శీర్షికలు మాత్రం తగ్గలేదు. పాఠకులంతా ఫోన్లలో మునిగిపోతే ప్రశ్నలు ఎవరు అడగాలి? మేమే అడిగేవాళ్లం, జవాబులూ మేమే ఇచ్చుకునేవాళ్లం. (జవాబు చేతిలో ఉంచుకుని ప్రశ్న రాయడంలోని సుఖం పరీక్షలు తప్పినవాళ్లకే బాగా తెలుస్తుంది.) మా విశాఖ ఎడిషన్లో పిల్లల పెంపకం మీద ఆదివారం వచ్చే సలహాల శీర్షిక అలా నా నెత్తిన పడింది. అప్పటికి నేను ప్రొబేషన్లో ఉన్న సబ్‌ఎడిటర్‌ని, పెళ్లి కానివాణ్ణి. పిల్లల గురించి నాకు తెలిసిందల్లా ఒకప్పుడు నేనూ పిల్లవాణ్ణేనన్న సంగతి.

ఒక శుక్రవారం సాయంత్రం డెస్క్ ఇన్‌చార్జి (ఆయన అందరినీ బావ అనేవాడు, మేమూ ఆయన్ని బావ అనే అనేవాళ్లం) అరగంటలో పేజీ వెళ్లాలన్నాడు. నేను అద్దెకుండేది కంచరపాలెంలో కాబట్టి 'కంచరపాలెం నుంచి ఒక తల్లి' అని మొదలుపెట్టి, మా అమ్మాయికి పదేళ్లు, కబడ్డీ, ఖోఖో అంటే పడదు, ఆటల పీరియడ్ ఉన్న రోజున కడుపునొప్పి వస్తుంది, ఏం చేయమంటారు అని రాశాను. ఆ కడుపునొప్పి నాదే. చిన్నప్పుడు జట్లు పంచుకుంటే చివరికి మిగిలేది నేను. రెండు జట్లూ వద్దనుకుంటే ఆటలో అరటిపండుగా ఉంచేవారు. అరటిపండు అవుటైనా లెక్కలేదు, కాకపోయినా లెక్కలేదు. ఆ ఉక్రోషంతోనే కాబోలు జవాబు మహా ఉదారంగా రాశాను. జట్టు లేకపోతేనేం, తాడాట ఉంది, ఇసుకలో పరుగు ఉంది, ఈత ఉంది, సైకిల్ ఉంది, బీచ్‌ రోడ్డుకు తీసుకెళ్లి మీరూ కలిసి ఆడండి అన్నాను. వీటిలో ఒక్కటీ నాకు రాదు.

మంగళవారం ఒకావిడ ఆఫీసుకు వచ్చింది, వెనకాల రెండు జడల పిల్ల. ఆవిడకు కంచరపాలెంలో రైల్వే గేటు దగ్గర ఇడ్లీ బండి ఉంది. పిల్లకు పదేళ్లు. కబడ్డీ అంటే పడదు. ఆటల పీరియడ్ రోజున కడుపునొప్పి. నేను ఊహించిన తల్లి ప్రాణం పోసుకుని, పేపరు మడిచి పట్టుకుని నా బల్ల ముందు నిలబడింది.

"నాను రాయనేదు బాబూ. మా ఈదంతా నానే రాసీసినానంతన్నారు. ఎవులు రాసినారో సెప్పు" అంది.

సంగతి బడిదాకా పాకిందట. ఆటల మాస్టారు నొచ్చుకుని, పేపర్లో వేసినవాటిలో ఒక్కటైనా వారంలోగా పిల్లకు అలవాటైతే కబడ్డీ నుంచి వదిలేస్తానని, లేకపోతే జట్టులో ముందు నిలబెడతానని అన్నాడట. ఆ ఉత్తరం ఆవిడది కాదని పేపర్లో వేయాలి, లేదా నేను చెప్పిందేదో నేనే దగ్గరుండి నేర్పించాలి, ఇదీ ఆవిడ పట్టు. ఆవిడది కాదని వేస్తే మరెవరిదన్న ప్రశ్న వస్తుంది, నా ఉద్యోగం ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. ఇన్‌చార్జి వైపు చూశాను. ఆయన మోగని ఫోను ఎత్తి చాలాసేపు మాట్లాడాడు. ఆదివారం నేనే నేర్పిస్తానన్నాను.

ఆదివారం పొద్దున్న బీచ్‌ రోడ్డు మీద బళ్లు తిరగనివ్వరు. ఆవిడ ఇడ్లీ డబ్బా పక్కన పెట్టుకుని గోడ మీద కూర్చుంది. తాడు మూడో గెంతుకే నా కాళ్లకు చుట్టుకుంది. ఇసుకలో పది అడుగులు పరుగెత్తేసరికి ఒక చెప్పు వెనకే ఉండిపోయింది. ఇక ఈత అంటే, ఇక్కడ నీళ్లలోకి దిగవద్దని పక్కనే బోర్డు. మిగిలింది సైకిల్. అద్దెకు తెచ్చింది పెద్దవాళ్ల సైకిల్ కావడంతో (కొలత చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు) పిల్ల కాళ్లు పెడళ్లకు అందలేదు. నన్ను తొక్కి చూపించమంది. నేను హ్యాండిల్ పట్టుకుని సైకిల్ పక్కనే నడవసాగాను. పిల్ల కాసేపు చూసింది.

"సార్, మీరు కూడా అరటిపండేనా?"

అవునన్నాను. ఆ పిల్ల మొహంలో మొదటిసారి వెలుగొచ్చింది.

"ఎక్కండి. నాను ఎనకాల అట్టుకుంతాను."

కాళీ గుడి దగ్గర్నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా, అక్కడి నుంచి మళ్లీ గుడి దాకా, సీటు పట్టుకుని నా వెనక పరుగెత్తింది. రెండుసార్లు పడ్డాను. రెండోసారి సరిగ్గా లాఫింగ్ క్లబ్ ముందు పడ్డాను. వాళ్లకు ఆ రోజు కారణం దొరికింది. నేను చాలన్నా పిల్ల ఇంకో రౌండ్ అంటూ మూడు తిప్పించింది. నాకు ఆయాసం, ఆ పిల్లకు నవ్వు.

"మాస్టారికి ఏటి సెప్పమంతావు బాబూ?" అంది తల్లి.

పరుగు అలవాటైందని చెప్పమన్నాను.

"అబద్దం ఎందుకు? పెద్దోడికి సైకిల్ నేర్పతందని సెప్తాను."

ఇక నేనూ దాచలేకపోయాను. ఆ ఉత్తరం రాసింది నేనేనని చెప్పేశాను. ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"అయితే కంచరపాలెం తల్లివి నువ్వేనేటి" అని, డబ్బా మూత తీసి రెండు ఇడ్లీలు నా చేతిలో పెట్టింది.

మాస్టారు మాట నిలబెట్టుకున్నాడు. కబడ్డీ పీరియడ్లో పిల్ల గ్రౌండ్ చుట్టూ తనకు నచ్చినన్ని చుట్లు పరుగెత్తేదట. మరుసటి వారం మా శీర్షికకు మొట్టమొదటి నిజమైన ఉత్తరం వచ్చింది. రూళ్ల కాగితం, గుండ్రటి చేతిరాత. 'మా అమ్మాయి ఒక పెద్దాయనకు సైకిల్ నేర్పింది. ఆయనకు తొక్కడం వచ్చింది, ఆపడం రాలేదు. ఏం చేయమంటారు? - కంచరపాలెం నుంచి ఒక తల్లి.' ఇన్‌చార్జి చదివి పక్కన పెట్టేశాడు.

"ఎవుడూ నమ్మడు బావా. అచ్చం నువ్వు రాసినట్టే ఉంది."

ఆ కాగితం నా దగ్గరే ఉంది. ఇప్పటికీ ఆదివారాలు అదే రోడ్డు మీద తొక్కుతుంటాను. నన్ను చూసి లాఫింగ్ క్లబ్ కాస్త పక్కకు జరుగుతుంది. అప్పట్లో ఎవరూ అడగని ప్రశ్నలన్నిటికీ అరగంటలో జవాబులు రాసిపారేశాను. నిజంగా అడిగిన ఆ ఒక్కదానికి మాత్రం ఇంకా రాయలేదు. ఇవాళ్టికీ కాళ్లు నేలకు రాసుకుంటూనే ఆపుతున్నాను.