లెక్కకు బదులు తాటిచెట్లు

ఆ రోజుల్లో మత్తు ఇవ్వడమంటే పెద్ద యంత్రాలేమీ లేవు. ముక్కు మీద గుడ్డ చుట్టిన జాలీ, చేతిలో ఈథర్ సీసా, గుండెల్లో దడ. (మూడోదానికి నా దగ్గర ఎప్పుడూ కొరత లేదు.) డెబ్బైల చివర, ఆరు నెలల శిక్షణ ముగించుకుని మానుకోట దగ్గర ఒక చిన్న దవాఖానలో చేరాను. వారం తిరక్కుండానే కురవి వైపు నుంచి కల్లుగీసే పెద్దాయనను ఎడ్లబండిలో తెచ్చారు. గజ్జల్లోకి పేగు దిగి బిగుసుకుపోయింది. వరంగల్ పంపితే దారిలోనే ప్రాణం పోతుందని సర్జన్ సారు తేల్చేశారు. నేను ఒంటరిగా మత్తు ఇవ్వడం అదే మొదలు.

"ఒకటి, రెండు అని లెక్కవెట్టు బాపు," అన్నాను. లెక్క ఆగితే మత్తు పట్టినట్టని నాకు నేర్పారు.

"నాకు లెక్కలు రావు సారు. నా చెట్లు చెప్పుమంటె చెప్త."

సరేనన్నాను. తాను గీసే తాటిచెట్లను ఒక్కొక్కటే చెప్పసాగాడు; తాటిచెట్టును అక్కడ తాడు అంటారు. వాగు ఒడ్డున వంకర తాడు, దాని పక్కన పిడుగు తాడు, పిట్టగూళ్ల తాడు... కల్లు అలవాటున్న ఒంటికి ఈథర్ తొందరగా ఎక్కదు, పోస్తూనే ఉన్నాను. పైగా ఈగలు రాకుండా కిటికీలు మూశారు. ఆ తియ్యటి వాసన నాకూ ఎక్కింది; గోడలు కరిగిపోయి, నేను వాగు ఒడ్డున ఆకుల గలగల వింటూ నిలబడ్డాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"తర్వాత?" అని అడుగుతూనే ఉన్నాను. సగం మత్తులో ఆయన ఆ మూడు చెట్లే మళ్లీ మళ్లీ చెప్తున్నాడు.

"మీరు అడిగితె ఆయన చెప్పుకుంటనే ఉంటడు సారు," అంది పక్కనే ఉన్న సిస్టరమ్మ.

సిగ్గుతో నోరు మూశాను. ఆయన మాటలు ఆగాయి. కాసేపటికి ఊపిరీ ఆగింది. నాలుక వెనక్కి జారిందని తూగుతున్న నాకు తట్టేలోపే సిస్టరమ్మ ఆయన దవడ ఎత్తిపట్టి, నా జబ్బ గట్టిగా గిల్లి, కిటికీ తీయమని కేక వేసింది. గుర్రుమని ఊపిరి వచ్చింది. నా కళ్లలో నీళ్లూ వచ్చాయి, గిల్లినందుకే అని చెప్పుకున్నాను.

సాయంత్రం మెలకువ రాగానే ఆయన అన్నాడు: "పిట్టగూళ్ల తాడు కాడ ఆపిన గద సారు. ఇంక శానున్నయి. ఒకపారి రా, చూపిస్త."

పోదాం, పోదాం అనుకుంటూనే ముసలివాణ్ణయ్యాను. నిరుడు నా పిత్తాశయం తీసేటప్పుడు మత్తు డాక్టరమ్మ లెక్కపెట్టమంటే వంకర తాడు, పిడుగు తాడు, పిట్టగూళ్ల తాడు అన్నాను.

ఆ పిల్ల నవ్వి, "తర్వాత?" అంది.

అట్ల అడగొద్దు బిడ్డా, అడిగితె చెప్పుకుంటనే ఉంట, అందామనుకున్నాను. అవసరం రాలేదు. ఆ తర్వాతి చెట్లేవో నాకు తెలియవు.