వంటింట్లో పడే వెలుగుబిళ్ళ

సైన్సు మాస్టారు పోయారన్న సంగతి నాకు కూరగాయల బజారులో తెలిసింది. మా అమ్మాయి చదివిన హైస్కూల్లో అటెండరుగా చేసిన పెద్దాయన పక్కనే వంకాయలు ఏరుకుంటున్నాడు. నన్ను చూసి, "మన రేపల్లె మాస్టారు వెళ్ళిపోయారమ్మా. పదిహేను రోజులైంది. పెనుమూడిలో కృష్ణ ఒడ్డున దహనం చేశారంట" అన్నాడు. నేను బెండకాయలు కొన్నానో లేదో గుర్తులేదు. ఇంటికి వచ్చి చూస్తే సంచిలో ఉన్నాయి.

ఆ రోజుకు మా ఇంట్లో పంచాంగం మధ్య ఒక కాగితం మడిచిపెట్టి ఉంది. వచ్చే ఆదివారం రేపల్లె రైలెక్కి ఆయన చేతికి ఇద్దామనుకున్న కాగితం. అంతకు చాలా ఏళ్ళ ముందు ఆయన గురించే ఇంకో కాగితం రాశాను. ఆ మొదటిదానికి క్షమాపణ చెప్పుకుని ఈ రెండోది ఇవ్వాలని నా ఆలోచన.

ఆయన మాకు బంధువు కాదు. నేను ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, నాకు పాఠం చెప్పినవారూ కాదు. మా అమ్మాయికి చెప్పారు. పొద్దున రైల్లో రేపల్లె నుంచి మా తెనాలి వచ్చి, సాయంత్రం రైల్లో వెళ్ళిపోయేవారు. నల్ల గొడుగు, చిన్న క్యారియరు, భుజాన గుడ్డసంచి. ఆ సంచిలో ఏ రోజు ఏముంటుందోనని పిల్లలకు ఆత్రం. పగిలిన కళ్ళజోడు అద్దమో, సైకిలు షాపులో అడిగి తెచ్చిన ఇనుప గుండో ఉండేది. మధ్యాహ్నం పెరుగన్నం బడి ఆవరణలో వేపచెట్టు కింద నిలబడే తినేవారట. ఎవరైనా పిల్ల టకీమని జవాబు చెబితే, "చూసి చెబుతున్నావా అమ్మాయ్, చదివి చెబుతున్నావా?" అని అడిగేవారు. చదివి చెప్పిన పిల్లను కోప్పడేవారు కాదు. చూసొచ్చాక మళ్ళీ చెప్పమనేవారు.

మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా కాంతి పాఠం వచ్చింది. "కాంతి ఋజుమార్గమున ప్రయాణించును" అని పుస్తకంలో ఒక వాక్యం, కింద మూడు అట్టముక్కలు, ఒక కొవ్వొత్తి, ఒక కన్ను ఉన్న బొమ్మ. ఆ వాక్యం రాయించి, బొమ్మ గీయించి తర్వాతి పేజీకి వెళ్ళిపోవచ్చు. ఈయన పిల్లలందరినీ వేపచెట్టు కిందకు తీసుకెళ్ళి, నేలమీద పడుతున్న వెలుగుమచ్చలు చూపించారు. ఆకుల మధ్య సందు ఒకటి కోలగా, ఒకటి మూడు మూలలుగా, తలా ఒక తీరుగా ఉంటే కింద మచ్చలన్నీ గుండ్రంగానే ఎందుకున్నాయని అడిగారు. జవాబు మాత్రం చెప్పలేదు. వారం గడిచినా చెప్పలేదు.

మాది పెంకుటిల్లు. వంటింటి కప్పులో ఒక పెంకు అంచు విరిగి చిన్న సందు పడింది. ఎండ వేళ దాంట్లోంచి రూపాయి బిళ్ళంత వెలుగు నేలమీద పడేది. మా అమ్మాయి బడికి వేళవుతుంటే సగం జడతో వచ్చి దాని ముందు చతికిలబడేది. సుద్దముక్కతో చుట్టూ గీసి, అది గీత దాటిపోయేదాకా చూసేది. "సందు మూడు మూలలుగా ఉందమ్మా, బిళ్ళేమో గుండ్రంగా ఉంది" అంది ఒకరోజు. "నీ మార్కులూ అంత గుండ్రంగానే వస్తాయి, లే" అన్నాను. బాగా అన్నానని నవ్వుకున్నాను కూడా.

నాకు ప్రతిదీ రాసి పెట్టుకునే అలవాటు. బియ్యం బస్తా ఏ రోజు విప్పాం, చాకలికి ఏ బట్టలు వేశాం, ఏ జాడీలో ఆవకాయ ఏ నెల పెట్టింది, అన్నీ ఉంటాయి నా దగ్గర. అలాగే ఆ డిసెంబరులో మా అమ్మాయి నోట్సు ముందేసుకుని, సైన్సులో ఏ పాఠం ఏ తేదీన మొదలైంది, ఏ తేదీన అయింది, ఇంకా ఎన్ని మిగిలాయి అని గళ్ళు గీసి రాశాను. సగం పాఠాలు కూడా కాలేదు. కాంతి పాఠం దగ్గర మూడు వారాలు. మిగతా పిల్లల తల్లులకు చూపించాను. అందరం కలిసి హెడ్మాస్టరుగారి గదికి వెళ్ళాం. మాట్లాడింది వాళ్ళు, బల్లమీద పెట్టిన కాగితం నాది.

ఆయన్ని పిలిపించారు. కాగితం చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు తుడుచుకుని, పైనుంచి కిందదాకా చదివారు. ఎగతాళి ఏమీ లేకుండా, "చాలా శుభ్రంగా రాశారండి. ఒక్క తేదీ కూడా తప్పు లేదు" అన్నారు. తర్వాత నెమ్మదిగా, "ఒక గడి తక్కువైందండి. ఏ రోజు ఏ పిల్ల ఏం అడిగిందో, ఆ గడి" అన్నారు.

మర్నాటి నుంచి ఆయనకు ఆరు, ఏడు తరగతులు ఇచ్చారు. పదో తరగతికి వచ్చిన కొత్తాయన ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు అని నోట్సు చెప్పి ఫిబ్రవరికల్లా పోర్షను పూర్తి చేశారు. మా అమ్మాయి వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ, "భూమికి సూర్యునికి మధ్య దూరము పదిహేను కోట్ల కిలోమీటర్లు" అని వల్లె వేసేది. ఆ తిరగడంలో వెలుగుబిళ్ళను తొక్కుకుంటూ పోయేది. మార్కులు బాగా వచ్చాయి. వీధిలో పంచదార పంచాను.

తర్వాత అమ్మాయి డిగ్రీ, బీఈడీ చదివి బాపట్లలో సైన్సు టీచరైంది. అక్కడే పెళ్ళి, అక్కడే కాపురం. మా వారి ఉద్యోగం గుంటూరులో. పొద్దున వెళితే రాత్రికి రావడం. పగలంతా ఇంట్లో నేనొక్కదాన్నే.

అలాంటి ఒక పగలు సూర్యగ్రహణం పట్టింది. మా అత్తగారు నేర్పినట్టే పొయ్యి ఆర్పి, పచ్చడి జాడీల మీద గరిక వేసి, తలుపులు, కిటికీలు మూసుకుని వంటింట్లో కూర్చున్నాను. చీకటిగా ఉండడం వల్ల నేలమీద బిళ్ళ ఎప్పటికన్నా బాగా కనిపిస్తోంది. చూస్తుండగానే దాని అంచు ఒకపక్క తరిగింది. కంట్లో ఏదో పడిందనుకుని కొంగుతో తుడుచుకున్నాను. అది ఇంకా తరిగి, తదియనాటి చంద్రుడిలా అయింది. పక్కకు చూస్తే మిగతా పెంకుల సందుల్లోంచి పడే బిళ్ళలు కూడా అన్నీ అలాగే ఉన్నాయి. అన్నీ ఒకే వైపుకు తిరిగి ఉన్నాయి.

వేపచెట్టు కింద ఆయన చెప్పకుండా వదిలేసిన జవాబు అప్పుడు తెలిసింది నాకు. అది సందు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. ఇన్నేళ్ళూ నేను రోజూ తడిగుడ్డతో తుడుస్తున్న చోట సూర్యుడు పడుతున్నాడు. ఎవరినైనా పిలిచి చూపిద్దామంటే వీధిలో అందరి తలుపులూ మూసి ఉన్నాయి. సుద్దముక్క తీసుకుని, గడియారం చూసి, పది నిమిషాలకొకసారి నేలమీద గీశాను. విడుపు స్నానానికి ముందే ఆ బొమ్మలన్నీ వేళలతో సహా కాగితం మీదకు ఎక్కించాను.

ఆయనకు చూపించాలనిపించింది. వెళ్ళడానికి ముఖం చెల్లలేదు. ఆరు నెలలు పట్టింది. ఒక ఆదివారం రేపల్లె రైలెక్కాను.

రిటైరయ్యాక, భార్య పోయాక, రైల్వే గేటు దగ్గర ఒక గదిలో ఉంటున్నారు. తెనాలి నుంచి వచ్చానని, మా అమ్మాయి ఆయన దగ్గర చదివిందని మాత్రం చెప్పాను. కాగితం అందుకుని చాలాసేపు చూశారు.

"చూసి వేశారా అమ్మా, ఏదైనా పుస్తకంలో చదివి వేశారా?"

"చూసేనండి. మా వంటింట్లోనే."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ ప్రశ్న ఎన్నేళ్ళ నుంచో అడుగుతున్నానండి. జవాబు పట్టుకుని రైలెక్కి వచ్చినవాళ్ళు మీరొక్కరే" అన్నారు.

తర్వాత స్టౌ వెలిగించి టీ పెడుతూ నాకో పని చెప్పారు. బిళ్ళ వెడల్పు కొలవాలి. ఏటవాలుగా పడితే ఒకవైపు సాగుతుంది కాబట్టి సన్నగా ఉన్నవైపే కొలవాలి. బిళ్ళ నుంచి పెంకు సందుదాకా తాడు పట్టి ఆ పొడవూ కొలవాలి. ఆ తాడు పొడవునా ఎన్ని బిళ్ళలు పేర్చవచ్చో లెక్క వేయాలి. మన ఇంటి నుంచి సూర్యుడిదాకా అన్ని సూర్యుళ్ళే వరసగా పడతాయి. "ఎన్నో చెప్పండి" అన్నాను. "నేను చెబితే నా లెక్క అవుతుందండి. మీది మీరు పట్టుకురండి" అన్నారు.

ఆ పదోతరగతి కాగితం సంగతి చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. ఒకసారి టీ గ్లాసు ఇచ్చారు, ఒకసారి గూడ్సుబండి వెళ్ళింది. నేను చెప్పులు వేసుకుని గడప దిగాక, వెనక నుంచి, "ఈసారి ఆ గడి కూడా గీయండమ్మా" అన్నారు. వెనక్కి చూస్తే నవ్వుతున్నారు. నేనెవరో ఆయనకు మొదటి నుంచీ తెలుసు. తలవంచుకుని స్టేషన్‌కు వచ్చేశాను. లెక్కతో వచ్చినప్పుడు క్షమాపణ చెబుదామనుకున్నాను.

కుట్టుమిషను టేపుతో, పురికొసతో కొలిచాను. ఒకరోజు నూట ఏడు వచ్చింది, ఒకరోజు నూట తొమ్మిది. ఎక్కువసార్లు నూట ఎనిమిది. అష్టోత్తరానికి నేను కుంకుమ వేసే లెక్క అది. చేతికి అలవాటైన అంకె కనుక నాకు తెలియకుండానే టేపు అటు లాగుతున్నానేమోనని అనుమానం వచ్చింది. మళ్ళీ కొలిచాను. మబ్బు పట్టిన రోజులు పోయాయి, ఆవకాయ రోజులు పోయాయి, అమ్మాయి పురుడు వచ్చింది. సరిచూడని కాగితం బయటకు ఇచ్చే అలవాటు నాకు లేదు. అలా చూసుకుంటూ కూర్చున్నాను. ఆఖరికి శుభ్రంగా ఎత్తి రాసి, చివర ఆ గడి గీసి, అందులో ఒక ప్రశ్న రాశాను. "ఈ అంకె ఎలా కుదిరిందండి?" అప్పటికే ఆయన పోయి వారమైంది, నాకు తెలియదు.

మొన్న అమ్మాయి వస్తే ఆ కాగితం చూపించాను. బాగుందమ్మా అంది. కాంతి పాఠం తను రెండు పీరియడ్లలో పూర్తి చేశానని, పోర్షను అవ్వాలి కదా అని అంది. ఆ మాట నాదే. ఒకప్పుడు నేను గళ్ళు గీసి చెప్పిన మాటే.

పోయిన వారం వానలకు ముందు పెంకులు సర్దడానికి మనిషి వచ్చాడు. ఆ ఒక్కటీ వదిలేయమన్నాను. "కారుద్దమ్మా" అన్నాడు. కారనీ అన్నాను. ఇప్పుడు దాని కింద ఇత్తడి గిన్నె పెట్టాను. రాత్రి కురిసిన నీళ్ళు పొద్దున సగం గిన్నె ఉన్నాయి. పన్నెండింటికి ఎండ వచ్చి బిళ్ళ ఆ నీళ్ళలో పడింది. దాని వెలుగు ఎగిరి కప్పుకింద నల్లబడిన వాసాల మీద వణుకుతూ ఉంది. గిన్నె కదిలించకుండా, అది నీళ్ళ అంచు దాటి నేలమీదకు దిగేదాకా పక్కనే కూర్చున్నాను.